రాజసైన్యం గొంతు

వసుమతి చెవి మీద ఆ ఫ్యాక్టరీకి గట్టి నమ్మకం. అమెరికాలోని అరోరా ఊళ్లో, ఫాక్స్ నదికి రెండు వీధుల అవతల, కార్లలో బిగించే స్పీకర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ అది. అద్దాల గదిలో కూర్చుని, వచ్చిన స్పీకర్‌నల్లా బల్ల మీద పెట్టి, మీట తిప్పి, అట్టడుగు నుంచి పైదాకా ఒక స్వరాన్ని పాకిస్తుంది. లోపలి తీగచుట్ట అయస్కాంతానికి వెంట్రుకవాసి రాసుకున్నా, జలుబు చేసిన గొంతులా సన్నటి జీర వినిపిస్తుంది. జీర ఉంటే ఎర్ర బుట్ట, లేకపోతే పచ్చ బుట్ట. ఆరేళ్లుగా ఆమె పచ్చ బుట్టలో వేసిన స్పీకర్ ఒక్కటి కూడా తిరిగి రాలేదని ఫోర్‌మన్ రస్ కొత్తగా వచ్చినవాళ్లకల్లా చెబుతుంటాడు. అలా చెప్పినప్పుడల్లా వసుమతి వినిపించుకోనట్టు తల వంచుకుంటుంది గానీ, ఆ పూట పని ఇంకాస్త హుషారుగా సాగుతుంది.

ఆ గొంతు ఆమె మొదటిసారి విన్నది ఎనభై రెండు ఫిబ్రవరిలో, ఒక సోమవారం ఉదయం.

అద్దాల గదికి ఎదురుగా జిగురు బల్లలుంటాయి. వాటి దగ్గర ముప్పై మంది లావోస్ ఆడవాళ్లు కాగితపు శంకువుల అంచుల చుట్టూ సన్నటి ధారగా జిగురు పోస్తుంటారు. ఎడం చేత్తో శంకువు తిప్పుతూ, కుడిచేత్తో సీసా నొక్కుతూ, చుక్క బయట పడకుండా చేస్తారు. ముగ్గు వేసే చేతులు గుర్తొస్తాయి వసుమతికి. వాళ్లలో అందరికంటే నేర్పరి బువాఫన్, నలభై ఏళ్ల మనిషి. మిగతావాళ్లు ఏ మాటకైనా ముందు ఆమె మొహం చూస్తారు.

వాళ్ల వెనక అయస్కాంతాల పెట్టెలు మోసే ఖాంసింగ్ కూడా లావోస్ వాడే. వచ్చి మూడు వారాలైంది. యాభై దాటిన సన్నటి మనిషి. ఏం చెప్పినా తల ఊపుతాడు తప్ప నోరు విప్పడు. గొంతుకేదో జబ్బని అందరూ అనుకున్నారు.

ఆ ఉదయం పైఅరలో ఒక పెట్టె అంచుదాకా జారి ఒరిగింది. దాని కింద బువాఫన్ వంగి నేల మీది సీసా తీసుకుంటోంది.

"లవాంగ్!"

అరిచింది ఖాంసింగ్. వాళ్ల భాషలో జాగ్రత్త అన్నమాట అది. ఆ ఒక్క మాట మిషన్ల చప్పుడును చీల్చుకుని, అద్దం దాటి వసుమతి దాకా వచ్చింది. గుడి గంట మోగినంత నిండుగా ఉంది. బువాఫన్ వెనక్కి తూలింది. పెట్టె అంతకుముందు ఆమె తల ఉన్న చోటనే ధనామని పడి పగిలింది.

వసుమతి పరిగెత్తుకుంటూ వెళ్లింది. బువాఫన్ ఖాంసింగ్ కేసి చూస్తోంది. ప్రాణం కాపాడినవాణ్ణి చూసే చూపు కాదది. అతను మొహం దించుకున్నాడు. ఆమె నేల మీద ఒలికిన జిగురు తుడిచింది, చెయ్యి కడుక్కుంది, తన కుర్చీ ఎత్తి అతనికి వీపు కనబడేలా తిప్పి వేసుకుంది. ఒకరి తర్వాత ఒకరు మిగతా ఆడవాళ్లు కూడా కుర్చీలు తిప్పుకున్నారు. మధ్యాహ్నం అతను లారీలు ఆగే అరుగు మీద, మంచుగాలిలో, ఒక్కడే కూర్చుని అన్నం తిన్నాడు.

వసుమతికి ఇది ఘోరంగా తోచింది.

ఆమెకి ఇంకో ఆలోచన కూడా తోచింది. నెల కిందట చెత్తడబ్బాలో చిన్న మంట లేచింది. రస్ మైకులో ఇంగ్లీషులో అరిచాడు. లావోస్ ఆడవాళ్లు అది అర్థంకాక బయటికి పోవలసింది పోయి, ఇట్టే అంటుకునే జిగురు గోదాములోకి పోయారు. మంట ఆరింది గానీ భయం ఆరలేదు. ఈ శుక్రవారం ఇన్సూరెన్స్ మనిషి వస్తున్నాడు. గంట కొట్టాక నాలుగు నిమిషాల్లో అందరూ బయటికి రాకపోతే, ఇంగ్లీషు రానివాళ్లని జిగురు దగ్గర ఉంచకూడదంటాడు. ఉంచకపోతే వాళ్లకి ఇక్కడ వేరే పని లేదు.

ఆ సాయంత్రం చారులో పోపు వేస్తూ భర్తతో అంది. "ఏవండీ, ఆయన గొంతు మీరు వినాలి. ఒక్కటంటే ఒక్క జీర లేదు. రస్‌తో మాట్లాడేశాను. ఫైర్ అనౌన్స్‌మెంట్ లావోస్ భాషలో ఆయన చేత రికార్డ్ చేయిస్తాం. వాళ్ల జాబ్స్ నిలబడతాయి, ఆయన విలువా తెలిసొస్తుంది."

దామోదర్ కౌంటీ ఆఫీసులో రోడ్ల ఇంజనీరు. పళ్లెంలోంచి తల ఎత్తాడు. "వాళ్లని అడిగావా?"

"ఎవర్ని?"

"ఆ ఆడవాళ్లని. కుర్చీలు ఎందుకు తిప్పుకున్నారని?"

"మంచి పనికి అడగడమేంటండీ!"

"మంచి పనని నువ్వనుకుంటున్నావు గదా వసూ, అందుకే అడగమంటున్నా. నీకు మంచి స్పీకర్ దొరికినట్టుంది గానీ, అతను మనిషి."

"మీకు అన్నీ వేళాకోళమే" అని ఆమె చారు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది.

మంగళవారం అద్దాల గదిలో టేపు రికార్డరు పెట్టి ఖాంసింగ్‌ని పిలిచింది. అతని ఇంగ్లీషు ఆమె అనుకున్నదానికంటే బాగుంది. తగ్గుగొంతుతో మాట్లాడాడు. రస్ రాసిచ్చిన కాగితం చదివాడు. తర్వాత టేపు చక్రాలకేసి చూశాడు.

"టేపా?"

"అవునండీ. ఎప్పుడు కావలిస్తే అప్పుడు మీట నొక్కితే చాలు."

"నేను అక్కడే నిలబడి చెప్పకూడదా?"

"మీరు ఆ సమయానికి ఎక్కడుంటారో ఏమో. టేపైతే నమ్మకం." అతను ఇంకా తటపటాయిస్తుంటే ఆమె అంది: "ముప్పై మంది ఉద్యోగాలు ఉన్నాయండీ ఇందులో."

అతను తల ఊపాడు. కాగితం వెనక తన భాషలో రాసుకున్నాడు, భుజాలు నిటారుగా చేశాడు, మైకుకి జానెడు దూరంలో మొహం పెట్టాడు. ఎంత దూరంలో ఉండాలో అతనికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

చదువుతుంటే వసుమతికి ఒళ్లు పులకరించింది. తెలియని భాషలోంచి తెలిసిన మాటలు చేపల్లా ఎగిరి పడుతున్నాయి. అక్కీఫై అన్నాడు. అగ్నిభయం! వేలా అన్నాడు, వేళ. సథాన్ అన్నాడు, స్థానం. చదవడం అయ్యాక చిన్నపిల్లలా అడిగింది. "రేడియోని మీరేమంటారు?"

"వితాయు" అన్నాడతను.

"విద్యుత్! మా మాటే!" అని ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. టేపు ఆగేదాకా చక్రాలనే చూస్తూ కూర్చున్నాడు.

బుధవారం పదింటికి ముందస్తుగా ఒకసారి చేసి చూద్దామన్నాడు రస్. గంట మోగింది. అమెరికన్లు, మెక్సికన్లు లేచి ఎడమ తలుపుకేసి నడిచారు. అప్పుడు పైనున్న స్పీకర్లలోంచి ఖాంసింగ్ గొంతు వచ్చింది, నిండుగా, తొణక్కుండా.

జిగురు బల్లల దగ్గర ఒక్కరూ లేవలేదు.

ఒక ముసలామె సంచీ పొట్టకి అదుముకుని బల్ల కిందికి దూరింది. ఇంకొకామె రెండు చెవులూ మూసుకుని ఏడుస్తోంది. బువాఫన్ మాత్రం శంకువు తిప్పుతూ జిగురు పోస్తూనే ఉంది. ధార ఎక్కడా తెగలేదు. పెట్టెల పక్కన ఖాంసింగ్ గోడకి ఆనుకుని, పైనుంచి వస్తున్న తన గొంతుని తలమీద పడుతున్న వానలా భరిస్తూ నిలబడ్డాడు.

రస్ చేతిలో గడియారం ఆరు నిమిషాలు దాటింది. "శుక్రవారం ఇలాగే అయితే నా చేతుల్లో ఏమీ లేదు వసుమతీ. సోమవారం నుంచి వీళ్లు రానక్కరలేదు" అన్నాడు. కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది అతని గొంతులో.

భోజనాల వేళ వసుమతి డబ్బా తీసుకుని వెళ్లి బువాఫన్ ఎదురుగా కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. బువాఫనే మొదలుపెట్టింది. ఆమెకి వచ్చిన ఇంగ్లీషు పొట్టి పొట్టి మాటల్లో ఉంటుంది.

"ఆ గొంతు ఎక్కడ దొరికింది నీకు?"

"ఆయన మన దగ్గర పనిచేసేవాడే కదా..."

"మా ఊళ్లో ఆ గొంతు రోజుకి మూడుసార్లు. రేడియోలో. రాజసైన్యం ప్రకటన. నంబరు ఇంత, తేదీ ఇంత. శత్రువు పారిపోయాడు అంటే మా వంతెన పోయిందని అర్థం. సైన్యం కొత్త స్థానానికి కదిలింది అంటే ఓడిపోయిందని. మాకు తెలుసు. అయినా వినేవాళ్లం. అంత మంచి గొంతు అబద్ధం చెబుతుందని ఎలా అనుకుంటాం?"

వసుమతి డబ్బా పక్కకి జరిపింది.

"చివరి రోజు మూటలు కట్టుకున్నాం. నది దాటితే థాయ్‌లాండ్. ఆ గొంతు వచ్చింది. 'ప్రజలారా, శాంతంగా ఉండండి. భయపడవద్దు. ఎవరి స్థానాల్లో వాళ్లుండండి. రాజసైన్యం మీ వెంటే ఉంది.' నా భర్త బళ్లో మాస్టారు. చదువుకున్నవాడు. రేడియో చెప్పిందిగా అన్నాడు. మూటలు విప్పాం. మూడో రోజు గెలిచినవాళ్లు వచ్చి ఆయన్ని సెమినార్‌కని తీసుకుపోయారు."

"సెమినార్ అంటే?"

"అడవిలో జైలు. రెండో ఏడు పోయాడని కబురొచ్చింది. తర్వాత నేను పిల్లల్ని తీసుకుని నది దాటాను." ఆమె డబ్బా మూత పెట్టింది. "ఇవాళ గంట కొట్టారు. పైనుంచి ఆ గొంతు. 'శాంతంగా ఉండండి. భయపడవద్దు.' అవే మాటలు. నువ్వైతే లేస్తావా?"

రస్ కాగితంలో మొదటి వాక్యం అదే. ఏ ఫ్యాక్టరీలోనైనా అదే ఉంటుంది. "నిన్ను ముందే అడగవలసింది. తప్పు నాది" అంది వసుమతి.

"అవును" అంది బువాఫన్, కటువుగా కాదు, లెక్క సరిచూసి ఒప్పుకున్నట్టు.

గురువారం మధ్యాహ్నం వసుమతి కోటు బొత్తాలు పెట్టుకుంటూ అరుగు మీదికి వెళ్లింది. ఖాంసింగ్ లేచి పెట్టె మీది మంచు చేత్తో దులిపి ఆమెకి చోటిచ్చాడు.

"బువాఫన్ చెప్పింది" అంది ఆమె.

"ఆమె చెప్పినదంతా నిజమే అయుంటుంది. ఆమెకి తెలియనిది ఒకటుంది." అతను అరచేతులు రుద్దుకున్నాడు. "ఆ చివరి ప్రకటన టేపు మేడమ్. పొద్దున చదివాను. మధ్యాహ్నం ఆఫీసర్లు పడవ ఎక్కారు, నన్నూ ఎక్కించుకున్నారు. సాయంత్రం అవతలి ఒడ్డున టీ దుకాణంలో కూర్చున్నాను. అక్కడి రేడియోలో నా గొంతు. రాజసైన్యం మీ వెంటే ఉంది. దుకాణం ఆవిడ నా ముందు నూడుల్స్ గిన్నె పెట్టింది. ఆకలిగా ఉంది. తిన్నాను."



"మరి మొన్న నేను టేపు అన్నప్పుడు ఎందుకు ఒప్పుకున్నారు?"

"ముప్పై ఉద్యోగాలు అన్నారు. ప్రతి టేపుకీ ఏదో ఒక మంచి కారణం ఉంటుంది మేడమ్. ఆ రోజు మాకు చెప్పిన కారణం, జనం తొక్కిసలాడి నదిలో పడకూడదని." అతను లేచాడు. "నేను రేపటి నుంచి రాను. వాళ్లు నిశ్చింతగా పని చేసుకుంటారు."

వసుమతి కూడా లేచింది. "ఒక్క నిమిషం రండి" అంది. గదిలోకి తీసుకెళ్లి రికార్డరు లోంచి టేపు చుట్ట తీసింది. ఎర్ర బుట్టలోంచి ఒక పెద్ద అయస్కాంతం తీసి, చుట్టకి రెండు వైపులా, పెనం మీద నూనె రాసినట్టు గుండ్రంగా రుద్దింది. మళ్లీ పెట్టి మీట నొక్కింది. సముద్రం దూరాన్నుంచి వినిపించినట్టు ఉత్త హోరు.

"పోయింది. ఇక ఇది ఎక్కడా మోగదు" అంది.

అతను ఆ హోరు కాసేపు విన్నాడు. "ఆ రోజు ఆఫీసర్లతో నదివైపు వెళ్లేముందే ఈ అయస్కాంతం సంగతి తెలిసుంటే బాగుండేది" అన్నాడు. తర్వాత, "ఆమెకి నేనే చెప్పాలి" అని బయటికి వెళ్లాడు.

అద్దం వెనకనుంచి వసుమతి చూసింది. అతను జిగురు బల్ల దాకా నడిచి, రెండు అడుగుల దూరంలో ఆగి, బువాఫన్ వీపుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. వసుమతికి పెదవులు కదలడం తప్ప ఏమీ వినిపించలేదు. ఏ జీరనైనా పట్టుకునే చెవికి ఆ పూట అద్దం అడ్డమొచ్చింది, అది మేలే అనుకుంది ఆమె. బువాఫన్ తిరగలేదు. శంకువు తిరుగుతూనే ఉంది. కానీ ఒక చోట జిగురు ధార తెగింది. ఆమె సీసా నిలబెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, అతను ముగించేదాకా అలాగే కూర్చుంది.

షిఫ్టు అయ్యాక అందరూ కోట్లు వేసుకుంటుంటే బువాఫన్ గదిలోకి వచ్చింది. జిగురు మరకలున్న అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో ఏడు వరుసలు.

"మాటలు నావి" అంది. "ఆయన ఒక్క మాట కలపకూడదు. టేపు వద్దు. మనిషి కళ్లకి కనబడాలి."

"ఏం రాశావు?"

ఆమె వేలు పెట్టి చదివింది. "మంట. లేవండి. కోటు వద్దు, సంచీ వద్దు, ఏమీ వద్దు. ఎడమ తలుపు. భయమేస్తే వెయ్యనీ, నడవండి. ముసలివాళ్ల చెయ్యి పట్టుకోండి. మీరందరూ వెళ్లాకే నేను వస్తాను." చివరి వరుస మీద వేలు ఇంకోసారి నొక్కింది. "ఇది ఆయన చదవగలిగితేనే. లేకపోతే వద్దు."

ఇంటికొచ్చాక వసుమతి జరిగిందంతా చెబితే దామోదర్ వేళాకోళమాడలేదు. కాస్త ఆలోచించి, "మరి చదువుతానన్నాడా?" అని అడిగాడు.

"అట్ట చూపిస్తే తీసుకుని జేబులో పెట్టుకున్నాడండీ. ఏమీ అనలేదు."

"వస్తాడంటావా రేపు?"

"ఏమో" అంది ఆమె. తర్వాత గిన్నెలు కడుగుతూ ఎవరూ అడక్కుండానే, "మీరన్నారే, ముందు అడగమని. అన్నీ తెలిసినట్టు అలా అంటే నాకు ఒళ్లు మండుతుంది" అంది.

"తెలుసు. అందుకే ఎప్పుడో గానీ అనను" అన్నాడతను, తుడిచే గుడ్డ అందుకుంటూ.

శుక్రవారం ఏడింటికి ఖాంసింగ్ వచ్చి ఎప్పటిలాగే పెట్టెలు సర్దుతున్నాడు. ఇన్సూరెన్స్ మనిషి తొమ్మిదిన్నరకి వచ్చాడు. బుగ్గలు కందిన లావుపాటి మనిషి, చేతిలో గడియారం. ఎడమ తలుపు పక్కన మైకు తీగ లాగి, కింద చెక్కపెట్టె వేశాడు రస్. "ఇతను ఉద్యోగా, ఉపన్యాసకుడా?" అన్నాడు ఇన్సూరెన్స్ మనిషి. రస్ గంట మీట కేసి నడిచాడు.

గంట మోగింది. ఖాంసింగ్ పెట్టె ఎక్కాడు. అట్టముక్క రెండు చేతులా పట్టుకున్నాడు. ముప్పై కుర్చీలూ ఇంకా అతనికి వీపు చూపిస్తూనే ఉన్నాయి.

మొదటి మాట అన్నాడు. రెండోది అన్నాడు.

వసుమతి ఉలిక్కిపడింది. ఆ గొంతులో జీర ఉంది. మొదటిరోజు విన్న నిండుదనం ఎక్కడా లేదు. మాట మాటకీ ఎక్కడో ఒరుసుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ పైకి లేస్తోంది. స్పీకరే అయితే చూడకుండా ఎర్ర బుట్టలో వేసేది. మూడో వరుసకి ముసలామె తల తిప్పి చూసింది. పెట్టె మీద నిలబడ్డ మనిషిని కాసేపు పరకాయించి, సంచీ వదిలేసి లేచింది. పక్కామె ఆమె చెయ్యి అందుకుంది. కుర్చీలు కిర్రుమంటూ ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. వాళ్లు నడిచారు. పరుగు లేదు, తోపులాట లేదు. ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని ఎడమ తలుపు దాటారు.

చివరి వరుస దగ్గర ఖాంసింగ్ అట్ట చూడలేదు. చూడకుండానే అన్నాడు.

బువాఫన్ మాత్రం తలుపు దగ్గర ఆగింది. గది ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి అతన్నే చూసింది. అతను దిగలేదు. వెళ్లమని చెయ్యి ఊపాడు. ఆమె వెళ్లింది.

బయట కార్ల స్థలంలో ఎండ ఉంది గానీ వేడి లేదు. కోట్లు వద్దన్నది బువాఫనే కాబట్టి ఎవరికీ కోటు లేదు. ఆడవాళ్లు గోడ పక్కన ఒకరికొకరు ఒరుసుకుని పిచ్చుకల్లా గుంపుగా నిలబడ్డారు. వసుమతి వణుకుతూ జాబితాలో పేర్లు టిక్ పెట్టింది. ముప్పై.

"రెండు నిమిషాల యాభై" అన్నాడు ఇన్సూరెన్స్ మనిషి, నమ్మలేనట్టు. "అందరూ అయిపోయారా?"

"ఇంకొకరున్నారు" అంది వసుమతి.

"ఏం చేస్తున్నాడతను లోపల? గడియారం నడుస్తోంది."

తెరిచి ఉన్న తలుపులోంచి కనిపిస్తోంది. ఖాంసింగ్ మోకాళ్ల మీద వంగి ప్రతి బల్ల కిందా చూస్తున్నాడు. గోదాము తలుపు తీసి తొంగిచూశాడు. ఆడవాళ్ల బాత్రూము బయట నిలబడి రెండుసార్లు పిలిచాడు. ఆ తర్వాతే మెల్లగా బయటికి నడిచి వచ్చాడు. చలికి అతని కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"మూడు నిమిషాల నలభై ఎనిమిది" అని ఇన్సూరెన్స్ మనిషి కాగితం మీద ఏదో రాసి, సంతకం పెట్టి రస్ చేతికిచ్చాడు. రస్ ఆ కాగితం చూసి, వసుమతి కేసి చూసి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

అప్పుడు బువాఫన్ తన భాషలో గట్టిగా ఏదో అంది. గుంపులో ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె ఫక్కున నవ్వింది. ముసలామె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఖాంసింగ్ తల వంచుకున్నాడు, కానీ పెదవి చివర ఏదో కదిలింది.

"ఏమన్నావు?" అని అడిగింది వసుమతి.

"లేటు అన్నాను" అంది బువాఫన్. "ఏడేళ్లు లేటు."

గాలి విసిరింది. రస్ లోపల గంట ఆపడానికి వెళ్లాడు, అంతదాకా ఎవరూ కదలకూడదు. ఖాంసింగ్ ఒక్కడే, చొక్కా చేతులతో, గాలికి ఎదురుగా దూరంగా నిలబడి ఉన్నాడు. బువాఫన్ పక్కామెని మోచేత్తో నెట్టింది. ఆమె తన పక్కామెని నెట్టింది. గోడ పొడుగునా అందరూ తలా ఒక బెత్తెడు జరిగారు. గుంపులో ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది.

బువాఫన్ అతన్ని పిలవలేదు. ఆ చోటు ఎంతసేపూ నిండకపోయేసరికి విసుగ్గా గడ్డం ఎగరేసి చూపించింది. అతను వచ్చి అక్కడ నిలబడ్డాడు.